పరీక్షకు మగవారే వస్తే ఆడవారి జబ్బు తేలేదెలా?

జి.కొండూరు : ఇక్కడి నుంచి మైలవరం మీదుగా తిరువూరు పోయే రోడ్డులో ఉన్న ఏ.కొండూరు మండలం తండాలను కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పీడిస్తున్నది. తాగే నీటి మీద అనుమానంతో కృష్ణా జలాలు అందించే పథకం చేపట్టారు. రక్త పరీక్షలు, వైద్య శిబిరాలు మెట్ట ప్రాంత ప్రజలకు కొత్త కాదు. అయితే శిబిరానికి ఇంటి యజమాని ఒక్కడే వెళ్లి వస్తే ఆ ఇంటి ఆడవారి సంగతి తేలినట్లేనా?

తేలదు. మగవారి శరీరాన్ని బట్టి కట్టిన లెక్క ఆడవారికి అచ్చంగా సరిపోదని వైద్యశాస్త్రం చాలా ఆలస్యంగా గుర్తించింది. కిడ్నీ పరీక్షే అందుకు మంచి ఉదాహరణ.

ఒకే అంకె, రెండు అర్థాలు

కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉందో చూస్తారు. ఇది కండరాల నుంచి పుట్టే వ్యర్థ పదార్థం. కిడ్నీలు దీనిని వడకట్టి మూత్రంలోకి పంపుతాయి. సాధారణంగా ఆడవారికి కండ తక్కువ. కాబట్టి వారి ఒంట్లో పుట్టే క్రియాటినిన్ కూడా తక్కువే.

45 ఏళ్ల మగమనిషికి, అదే వయసు ఆడమనిషికి పరీక్ష చీటీలో క్రియాటినిన్ 1.2 అనే వచ్చిందనుకుందాం. 2021లో సవరించిన లెక్క ప్రకారం అతని కిడ్నీల వడపోత సుమారు 76. ఆమెది 57 మాత్రమే. ఈ అంకె మూడు నెలలకు పైగా 60కి తక్కువగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద పరిగణిస్తారు. అంటే ఒకే అంకెతో అతను గీతకు పైన, ఆమె గీతకు కింద ఉన్నారన్నమాట.

రైతులకు తెలిసిన భాషలో చెప్పాలంటే, రెండు కుంటల్లో నీటిమట్టం సమానంగా ఉంది. ఒకదానికి నీరు తెచ్చే కాలువ చిన్నది. అయినా మట్టం సమానంగానే ఉందంటే ఆ కుంట తూము సరిగా పారడం లేదని అర్థం.

249 మంది పురుషుల లెక్క

ఈ వడపోతను అంచనా వేయడానికి కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో కెనడాలో ఒక సూత్రం ప్రకటించారు. ప్రపంచమంతటా డాక్టర్లు దానిని వాడారు. ఆ సూత్రం కట్టింది 249 మంది పురుషుల పరీక్షల మీద. ఆడవారికైతే వచ్చిన అంకెలో నూటికి 15 తగ్గించుకోమన్నారు. అది ఆడవారిని కొలిచి తేల్చినది కాదు, అంచనా మాత్రమే. ఆడవారిని కూడా చేర్చి కట్టిన సూత్రాలు తర్వాత వచ్చాయి.

మందుల విషయమూ ఇంతే. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మందు వల్ల 1960 ప్రాంతంలో అనేక దేశాల్లో అవయవ లోపాలతో వేలాది బిడ్డలు పుట్టారు. ఆ భయంతో అమెరికా ప్రభుత్వం 1977లో బిడ్డలను కనే వయసు స్త్రీలను మందుల తొలి దశ ప్రయోగాలకు దూరంగా ఉంచమని సూచించింది. 1993లో గాని ఆ సూచన తొలగలేదు. కానీ మందులు మింగేవారిలో స్త్రీలు లేకపోలేదు కదా! జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర ఆడవారి ఒంట్లో మరునాడు ఉదయానికి కూడా ఎక్కువగా నిలిచి ఉంటున్నదని గుర్తించి, 2013లో అక్కడ వారి మోతాదును సగానికి తగ్గించారు. అప్పటికి ఆ మాత్ర అమ్మకానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

ఉద్దానం నేర్పిన పాఠం

మధ్య అమెరికా దేశాల్లో చెరకు తోటల్లో పనిచేసే మగ కూలీలను అంతుపట్టని కిడ్నీ జబ్బు పట్టుకున్నది. మండుటెండలో చాకిరీ, ఒంట్లో నీరు ఇంకిపోవడం ముఖ్య కారణాలని పలువురు పరిశోధకులు భావిస్తున్నారు. ఆ మాటనే పట్టుకుని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మగ కూలీలనే పరీక్షించి ఉంటే సగం కథ మరుగున పడేది. ఇల్లిల్లూ తిరిగి స్త్రీ పురుషులిద్దరినీ పరీక్షించిన సర్వేల్లో నూటికి సుమారు 20 మంది పెద్దలకు జబ్బు కనిపించింది. వారిలో ఆడవారు కూడా పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. అక్కడి జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. ఇద్దరిలోనూ కనిపించే జబ్బుకు ఇద్దరినీ చూస్తేనే కారణం దొరుకుతుంది.

చేర్చుకోవడమంటే అడగకుండా సూది వేయడం కాదు

ఇదే రోడ్డు తిరువూరు దాటి భద్రాచలం చేరుతుంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం తదితర మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేస్తూ అధ్యయనం సాగించారు. ఆ కాలంలో జరిగిన కొన్ని మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో చెప్పారు. కానీ హాస్టళ్లలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి బయటపడింది. 2010లో కార్యక్రమం ఆగిపోయింది. 2013లో పార్లమెంటు సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, తెలియజెప్పి అనుమతి తీసుకోవలసిన బాధ్యత పోదు.

ఏం చేయాలి?

శిబిరాలు పొద్దెక్కాక పెడితే మిరప కోతలకు, పత్తి తీతలకు పోయిన ఆడకూలీలు రాలేరు. తెల్లవారుజామునో, సాయంత్రం పనులు ముగిశాకనో పెట్టవలసి ఉంది. మూత్ర పరీక్షకు ఆడవారికి మరుగు చోటు, దగ్గర ఉండి చూసుకునే నర్సు అవసరం. ఆడవారి వివరాలు, మగవారి వివరాలు వేర్వేరుగా రాసి గ్రామస్థులకు తెలియజేయాలి.

ఆడవారు కూడా "నాకేం, బాగానే ఉన్నాను" అని ఊరుకోరాదు. కిడ్నీ జబ్బు ముదిరేదాకా నొప్పి తెలియకపోవచ్చు. చీటీలో క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి సంతృప్తి పడకుండా, తమ వయసుకు, ఆడవారి లెక్కలో వడపోత ఎంత ఉందో డాక్టరును అడగాలి. ఒక్క పరీక్షతో జబ్బు ఉన్నట్లు నిర్ణయించరు. తక్కువ వస్తే మూత్ర పరీక్ష కూడా చేయించుకుని, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ చూపించుకోవాలి. ఒళ్లు నొప్పులకు దుకాణంలో మాత్రలు కొని రోజూ మింగడం మాత్రం ఆడవారికైనా, మగవారికైనా కిడ్నీలకు చేటు.