పెరటిలోని ముండ్లబంతి

బ్రిటనులో కాపురముండు తెలుగువారికి రాత్రివేళ పెరటిలో ముండ్లబంతివంటి ప్రాణి యొకటి కనిపించవచ్చును. దానిని ఏదుపంది పిల్ల యనుకొందురేమో. రెండింటికిని చుట్టరికము లేదు. ఏదుపంది ఎలుకల తెగకు చెందినది, దుంపలు తవ్వి తినును. ఈ హెడ్జ్‌హాగ్ పురుగులను వెదకి తినును. దీని దాయాది యొకటి మన దక్షిణదేశపు మెట్టభూములలోను కలదు.

దానికి గిన్నెలో పాలు పెట్టుట అచ్చటి పాత అలవాటు. పుట్టలో పాలు పోయు మనవారికి ఆ యూహ మరింత త్వరగా తోచును! కాని పాలు దానికి అరుగవు; విరేచనములు పట్టి ప్రాణముమీదికి వచ్చును. లోతులేని పళ్లెములో మంచినీరు, పిల్లులకు పెట్టు మాంసాహారము కొంచెము చాలును.

మాకు అంతకంటె ముఖ్యముగా తోచునది దారి. ఆహారమునకై ఇది రాత్రికి ఒకటి రెండు కిలోమీటర్లు తిరుగును. పెరళ్లన్నియు చెక్కకంచెలతో బిగించినచో ఎటు పోగలదు? 2020లో బ్రిటనునందు అంతరించు ప్రమాదమున్న క్షీరదముల జాబితాలో దీనిని చేర్చిరి. పొరుగువారితో మాటాడి, కంచె అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కన్నము చేయించవలెను.

నవంబరు 5వ తేదీ మంటలకై పేర్చిన కట్టెలలో ఇది నిద్రకు దూరును. కావున ఆ కట్టెలను నిప్పంటించు దినముననే వేరొకచోటికి మార్చి పేర్చవలెను.

పగటివేళ తూలుచు కనిపించినచో జబ్బుపడినదని యెంచి, మందపు చేతితొడుగులతో ఎత్తి, అట్టపెట్టెలో నుంచి, వెంటనే పశువైద్యునకు ఫోను చేయవలెను. ఆరోగ్యముగా నున్నదానిని మాత్రము ఇంటిలోనికి తేవలదు. శీతకాలపు నిద్రకు పెరటి మూలనున్న ఎండుటాకుల కుప్పయే దానికి పడకటిల్లు.