మెతుకుసీమలో ఒక రోజు

పిల్లలూ! సెలవుల్లో ఒక రోజు ఖాళీ దొరికితే మెదక్ వెళ్ళి రండి. మబ్బు లేని రోజు చూసుకుని మరీ బయలుదేరండి.

అక్కడి పెద్ద చర్చిని చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ కట్టించారు. కరవు రోజుల్లో జనానికి పనీ తిండీ రెండూ దొరికేలా తలపెట్టిన కట్టడమిది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. గోపురం ఎత్తు 175 అడుగులు.

ముందు బయట నిలబడి అద్దాల కిటికీలను చూడండి. నల్లగా, మాసిన పలకల్లా ఉంటాయి. ఇంత దూరం వచ్చింది వీటి కోసమా అనిపిస్తుంది. ఇప్పుడు లోపలికి నడవండి. అవే కిటికీల్లో క్రీస్తు కథ నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో వెలిగిపోతుంది! కారణం ఏమిటి? బయటి ఎండ గాజులోంచి దూరి మీ కంటిని చేరుతోంది. లోపలి చీకటి గదిలోంచి బయటికి వచ్చే వెలుతురు మాత్రం బహు స్వల్పం. పగటిపూట మీ ఇంటి కిటికీ కూడా వీధిలోంచి నల్లగానే కనిపిస్తుంది, గమనించండి.

ఇటువంటి గాజుకు రంగు లోహాల వల్ల వస్తుంది. కరిగిన గాజులో చిటికెడు కోబాల్టు సమ్మేళనం కలిపితే నీలం. వెండి సమ్మేళనాన్ని గాజుపై పూసి కొలిమిలో కాలిస్తే పసుపు. చొక్కాకు అద్దిన రంగును ఎండ విరగ్గొడుతుంది. గాజులో ఇమిడిన లోహాన్ని అంత సులువుగా ఏమీ చేయలేదు.

అక్కడినుంచి పోచారం సుమారు 15 కిలోమీటర్లు. దారిపొడవునా పల్లెలు, వరిమళ్ళు, రాతిగుట్టలు. పోచారం చెరువు 1922 నాటిది. చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యం చేశారు. ఇక్కడ చుక్కల దుప్పులూ, నాలుగు కొమ్ముల కొండగొర్రెలూ ఉన్నాయి. అడవి జంతువుల్లో నాలుగు కొమ్ములున్న జాతి ఇదొక్కటే, అవీ మగవాటికే.

మన భాషలో రెండింటినీ కొమ్ములే అంటాం గాని, తేడా చాలా ఉంది. కొండగొర్రె కొమ్ము లోపల ఎముక, పైన మన గోళ్ళ వంటి పదార్థంతో తొడుగు. అది బతికున్నంతకాలం ఊడదు. దుప్పి కొమ్ము అచ్చంగా ఎముక. మఖమలు లాంటి చర్మం కింద పెరిగి, గట్టిపడి, ఊడి, మళ్ళీ మొలుస్తుంది.

ఊడిన కొమ్ము దారిలో దొరికితే గోడకు తగిలించుకుందామనిపిస్తుంది. వద్దు. 1972 నాటి వన్యప్రాణి చట్టం అందుకు ఒప్పుకోదు. అదీగాక అందులోని సున్నపు ధాతువు కోసం ఏదుపందులు దాన్ని కొరుకుతాయి. ఒక్కోసారి దుప్పులే నములుతాయి. బొమ్మ గీసుకోండి, జానతో కొలుచుకోండి. కొసన పక్కపక్కనే రెండేసి గాట్లు కనిపించాయా? అవి ఏదుపంది ముందరి పళ్ళవి.