సముద్రం చూడబోయే కుటుంబాలకు కొన్ని మాటలు

సెలవులు దగ్గర పడితే మన పిల్లలు అడిగేది ఒకటే: "ఈసారన్నా సముద్రం చూపించండి" అని. కర్నూలు, కడప జిల్లాల్లో పుట్టి పెరిగిన మనకు నీళ్లంటే బావి, చెరువు, వాన పడితే పారే వంక, పైనుండి వదిలితే నిండే కె.సి. కాలువ. బిందె నీళ్ల కోసం వరుసలో నిలబడిన కండ్లకు అంతు లేని నీళ్లను చూడాలన్న ఆశ ఉండడం సహజమే. కొన్నేళ్ల క్రిందట మేమూ ఆ ఆశతోనే పిల్లా పెద్దా కలిసి పద్నాలుగు మందిమి విశాఖపట్నం వెళ్లి వచ్చాము. సంతోషంగానే వచ్చాము గాని, ఒక సాయంకాలం మాలో ఒక పిల్లవాణ్ణి పోగొట్టుకోబోయాము. మీరు వెళ్లేటప్పుడు మాకంటే జాగ్రత్తగా వెళ్లాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బయలుదేరక ముందు

మన వైపునుండి విశాఖకు రైలులో ఒక రాత్రి పూర్తిగా పడుతుంది. 2024 నవంబరు నుండి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే మొదలవుతుంది. పండుగ సెలవులకు వెళ్లేవారు ఆ తేదీని లెక్క వేసుకొని, మొదటి రోజుల్లోనే టిక్కెట్లు తీసుకోవాలి. దసరా రోజుల్లో బెంగాలునుండి, డిసెంబరులో అరకు చూడడానికి నలుమూలలనుండి జనం వస్తారు. అప్పుడు గది దొరకడం కష్టం, దొరికినా అద్దె ఎక్కువ. గది తీసుకునే ముందే అద్దె ఎంత, ఖాళీ చేయవలసిన గంట ఏది, అదనంగా పడుకునేవారికి ఎంత అని అడిగి తెలుసుకోండి. పెద్దవారందరి ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోండి.

అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుఫానులు వచ్చే కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో వెళ్లేవారు వాతావరణ వార్తలు విని బయలుదేరడం మంచిది.

ఎండ కాదు, ఉక్క

మన నంద్యాల, కడప ఎండలకు అలవాటు పడినవారికి విశాఖ ఎండ ఒక లెక్కా అనుకున్నాము. అక్కడ ఎండ మనకంటే తక్కువే గాని, గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రెండో రోజు మధ్యాహ్నానికే మాలో ఇద్దరికి కళ్లు తిరిగాయి. ఉదయం ఎండ ఎక్కక ముందు, సాయంకాలం ఎండ తగ్గిన తర్వాత సముద్రం దగ్గరకు వెళ్లి, నడిమధ్యాహ్నం గదిలో ఉండడం మేలు. తాగే నీళ్లు వెంట ఉండాలి. మా అవ్వ అలలను చూచి, దోసిట్లో నీళ్లు తీసుకొని నోట పోసుకొని, తుపుక్కున ఉమ్మి, "ఇన్ని నీళ్లుండి తాగేదానికి గుక్కెడు లేవే!" అన్నది. అందరం నవ్వాము.

జనంలో

ఆదివారం సాయంకాలం ఆర్.కె. బీచ్‌లో మన తిరునాళ్లంత జనం ఉంటారు. ముంత మసాలా, బజ్జీలు, కాల్చిన మొక్కజొన్న కండెలు, గుర్రం సవారీ, ఫోటోలు తీసేవారు, అన్నీ ఉంటాయి. ఏదైనా తీసుకునే ముందు, ఎక్కే ముందు ధర అడగండి. నగలు ఇంట్లోనే పెట్టి రండి. పిల్లలు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పి ఉంచండి. మేము కురుసురా జలాంతర్గామిని గుర్తు పెట్టుకున్నాము. నౌకాదళంలో పని ముగించుకొని, 2002 నుండి ఇసుక మీద ప్రదర్శనశాలగా నిలిచి ఉన్న ఆ ఓడ 91 మీటర్ల పొడవు. చదువు రాని అవ్వ కూడ దాన్ని గుర్తు పడుతుంది. చిన్న పిల్లల జేబులో ఫోను నంబరు వ్రాసిన చీటీ ఉంచండి. తప్పిపోయినప్పుడు ఫోను చేయవలసిన నంబరు 112.

అలల దగ్గర

ఇక అసలు సంగతి. మాలో ఒక అక్క కొడుకు, పదహారేండ్లవాడు, నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకొని బావిలో ఈత నేర్చినవాడు. కాలువకు నిండుగా నీళ్లు వచ్చినప్పుడు ఈ గట్టునుండి ఆ గట్టుకు ఈదేవాడు. అందుకే మేము భయపడలేదు. మోకాలి లోతులోనే నిలబడి ఉన్నాడు. అల వెనక్కు మళ్లేటప్పుడు పాదాల క్రింది ఇసుక జారిపోయి పడ్డాడు. లేచేలోగా ఇంకొక అల మీద పడింది. చూస్తూ ఉండగానే లోపలికి పోయాడు. మా వైపే తిరిగి చేతులు వేస్తున్నాడు గాని, ఒక్క బార కూడ దగ్గరకు రావడం లేదు. వల సర్దుకుంటున్న ఒక జాలరి అన్న చూచి దూకాడు. మేము అనుకున్నట్టు నేరుగా ఒడ్డుకు తేలేదు. పిల్లవాణ్ణి పట్టుకొని ప్రక్కకు ఈది, దూరంగా అలలు విరుగుతున్న చోట ఒడ్డుకు చేర్చాడు.

ఎందుకు అలా చేశావని అడిగితే ఆయన చెప్పింది మన రైతులకు బాగా తెలిసిన సంగతే. మడి నిండి మడవ తెగితే నీళ్లన్నీ ఆ సందులోనుండే పరుగెత్తుతాయి గదా! అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్లు కూడ ఒక్కొక్క చోట సన్నని దారి చేసుకొని అంతే వేగంగా వెనక్కు పోతాయి. ఆ దారిలో అలలు అంతగా విరగవు గనుక పైకి నెమ్మదిగా కనబడుతుంది. తెలియనివారు అదే మంచి చోటనుకొని దిగుతారు. ఎంత ఈతగాడైనా ఆ వడికి ఎదురీదితే అలసిపోతాడు. ఆ దారి వెడల్పు తక్కువ. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈదితే బయటపడవచ్చు. శక్తి లేకపోతే వెల్లకిలా తేలుతూ చేయి ఊపి పిలవాలి.

కాబట్టి ఈ సంగతులు మరువకండి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, కాపలా మనుషులు లేని చోట దిగవద్దు. దిగే ముందు అక్కడి జాలరులను అడగండి. గాలి లేని రోజున కూడ ఎక్కడో దూరాన లేచిన అలలు వచ్చి పడవచ్చు. తడిసిన చీర, లంగా బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి, స్త్రీలు పాదాలు తడిసేంత వరకే వెళ్లాలి. పిల్లల చేయి వదలవద్దు. చీకటి పడిన తర్వాత నీళ్లలో దిగనే వద్దు. ఎవరైనా కొట్టుకుపోతే ఈత వచ్చిందని వెంట దూకకండి. అరచి మనుషులను పిలవండి, తేలే వస్తువు ఏదైనా విసరండి.

ఆ జాలరి అన్నకు మేము డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "మీ పిల్లలకు చెప్పండి, అంతే చాలు" అన్నాడు. మా పిల్లలకు చెప్పాము. ఇప్పుడు మీకూ చెప్పాము. సముద్రం తప్పక చూచి రండి. వెళ్లిన వారందరూ క్షేమంగా ఇల్లు చేరండి.