టర్కీ తిరుగుబాటు: పటం తెలియక పుట్టిన అపోహలు

2016 జులై 15, శుక్రవారం. రాత్రి పది దాటాక ఇస్తాంబుల్‌లోని బాస్ఫరస్ వంతెన మీద సైనిక వాహనాలు అడ్డంగా నిలిచాయి. తుపాకులు పట్టుకున్న కుర్ర సైనికులు కార్లను ఆపేస్తుంటే, ఉగ్రవాదుల దాడికి భయపడి భద్రత పెంచారేమో అనుకున్నారు చాలామంది. అలా అనుకోవడానికి కారణమూ ఉంది. అప్పటికి మూడు వారాలైనా కాలేదు, అదే నగరంలోని అతాతుర్క్ విమానాశ్రయంలో బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయారు. కాసేపటికి అసలు సంగతి తెలిసింది. సైన్యంలో ఒక వర్గం ప్రభుత్వాన్ని కూల్చడానికి బయల్దేరింది.

ఆ వంతెన దృశ్యాలే ప్రపంచమంతా పదేపదే చూసింది. వాటితోపాటే కొన్ని తప్పుడు అభిప్రాయాలూ స్థిరపడిపోయాయి.

అన్నిటికన్నా గట్టిగా నాటుకున్నది, ఇస్తాంబులే టర్కీ రాజధాని అన్నది. రాజధాని అంకారా. రోడ్డు మార్గాన ఇస్తాంబుల్‌కు సుమారు 450 కిలోమీటర్ల దూరంలో, పీఠభూమి మీద ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇస్తాంబుల్ మిత్రరాజ్యాల సేనల గుప్పిట్లో ఉన్నప్పుడు జాతీయోద్యమ నేత ముస్తఫా కెమాల్ 1920లో అంకారాలో జాతీయ సభను కొలువుతీర్చాడు. 1923 అక్టోబరులో అదే రాజధాని అయింది. ఈ తేడా తెలియకపోతే ఆ రాత్రి జరిగినదాంట్లో సగం అర్థం కాదు. వంతెన మీది ట్యాంకులు కంటికి కనిపించాయిగానీ, ప్రభుత్వం గుండె మీద దెబ్బ పడింది అంకారాలోనే. సైనిక ప్రధాన కార్యాలయంలో సర్వసైన్యాధిపతి హులుసీ అకార్‌ను ఆయన కింది అధికారులే బంధించారు. ప్రభుత్వ టీవీ టీఆర్‌టీ కార్యాలయంలోకి చొరబడి న్యూస్‌రీడర్ చేత బలవంతంగా ప్రకటన చదివించారు. ఎఫ్-16 విమానాలు ఇళ్ల కప్పులు అదిరేంత కిందుగా ఎగిరాయి. పార్లమెంటు మీద బాంబులు పడుతుంటే సభ్యులు నేలమాళిగలో తలదాచుకున్నారు. నగర శివారు గోల్‌బాషిలో పోలీసు ప్రత్యేక దళాల స్థావరంపై జరిగిన బాంబు దాడి పదులమంది పోలీసులను బలితీసుకుంది.

మనవాళ్లకు ఇస్తాంబుల్ పేరే నోట్లో ఆడడానికి ఒక పాత సంబంధం కూడా ఉంది. ఒట్టోమన్ సుల్తానుల రాజధాని అదే. చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ బాస్ఫరస్ ఒడ్డున డోల్మాబాచె ప్రాసాదంలో ఉండేవాడు. 1924లో ఆయనను దేశం నుంచి వెళ్లగొట్టారు. ఆయన కూతురు దుర్రు షెహ్వార్, అదే వంశానికి చెందిన నీలోఫర్ 1931లో ఏడో నిజాం కొడుకులను పెళ్లాడి హైదరాబాద్ వచ్చారు. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రికి పిల్లల్ని తీసుకెళ్లే తల్లుల్లో ఎందరికి తెలుసో, అది ఇస్తాంబుల్‌లో పుట్టిన ఓ రాకుమారి పేరని!

టర్కీ అరబ్బు దేశమే కదా అన్నది మరో అపోహ. అక్కడ అత్యధికులు ముస్లింలు, కానీ అరబ్బులు కారు. మాట్లాడేది టర్కిష్. 1928 నుంచి రాసేది లాటిన్ లిపిలో. కుర్దుల సంఖ్యా పెద్దదే. 1952 నుంచి ఆ దేశం నాటో సభ్యురాలు. ఇదంతా క్విజ్ పోటీలకు పనికొచ్చే సమాచారమేనని తీసిపారేయకూడదు. అరబ్బు దేశమనుకున్నవాళ్లు ఆ రాత్రిని 2013 నాటి ఈజిప్టు సైనిక తిరుగుబాటు ఖాతాలో వేసేశారు. టర్కీకి తనదైన చేదు చరిత్ర ఉంది. 1960లో సైన్యం గద్దెనెక్కి, మరుసటి ఏడాది మాజీ ప్రధాని అద్నాన్ మెందెరెస్‌ను ఉరి తీసింది. 1971లో హెచ్చరిక పత్రంతోనే ప్రభుత్వాన్ని దించేసింది. 1980లో మళ్లీ ట్యాంకులు దిగాయి. లక్షల మంది అరెస్టయ్యారు. 1997లో ఒత్తిడితోనే ఇంకో ప్రధానిని సాగనంపింది. అందుకే 2016లో అధ్యక్షుడు ఎర్దోగాన్‌ను గట్టిగా వ్యతిరేకించే ప్రతిపక్షాలు సైతం తెల్లవారకముందే తిరుగుబాటును ఖండించాయి. నిజంగా మెచ్చుకోవలసిన విషయం అది.

వంతెన మూసేస్తే దేశం రెండు ముక్కలైపోతుందనీ, టర్కీ సగం యూరప్‌లో, సగం ఆసియాలో ఉందనీ అనుకునేవారూ ఉన్నారు. టర్కీ విస్తీర్ణం 7.8 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. అంత దేశంలో యూరప్ వైపున్నది సుమారు 3 శాతం. రెండు ఖండాల మధ్య చీలి ఉన్నది ఇస్తాంబుల్ నగరం. 1973లో కట్టిన ఆ వంతెనతోపాటు 1988 నాటి రెండో వంతెన, 2013లో మొదలైన సముద్రగర్భ రైలు మార్గం అప్పటికే ఉన్నాయి.

ఇక ఒక్క ఫోన్ కాల్ తిరుగుబాటును ఓడించిందన్న మాట. అర్ధరాత్రి పన్నెండున్నర ప్రాంతంలో సీఎన్ఎన్ టర్క్ యాంకర్ హాందే ఫిరాత్ తన మొబైల్‌ను కెమెరాకు ఎదురుగా పట్టుకున్నారు. ఆ చిన్న తెరలో అధ్యక్షుడు ఎర్దోగాన్ కనిపించి, జనాన్ని వీధుల్లోకి రమ్మన్నారు. దాని ప్రభావం తక్కువేమీ కాదు. అయితే కుట్ర అప్పటికే గాడి తప్పింది. తెల్లవారుజామున మూడింటికి మొదలుపెట్టాలన్నది పథకం. ఆ మధ్యాహ్నమే విషయం నిఘా సంస్థకు పొక్కింది. దాంతో జనం ఇంకా రోడ్ల మీద, టీవీల ముందు ఉన్న వేళకే బయటపడాల్సి వచ్చింది. ఎర్దోగాన్ అప్పుడు అంకారాలో లేరు, ఇస్తాంబుల్‌లోనూ లేరు. నైరుతి తీరంలోని మర్మారిస్‌లో సెలవుల్లో ఉన్నారు. ఆయనను పట్టుకోవడానికి కమాండోలు హోటల్‌పై దాడి చేసేసరికే ఆయన దలమాన్ నుంచి విమానంలో వెళ్లిపోయారు. ఇస్తాంబుల్‌లోని ఫస్ట్ ఆర్మీ కమాండర్ ఉమిత్ దుందార్ కుట్రదారులతో కలవలేదు. పోలీసులు ప్రభుత్వం పక్షాన నిలిచారు. మసీదుల మైకులు జనాన్ని పిలిచాయి. టర్కీ సైన్యమే ఇచ్చిన లెక్క ప్రకారం తిరుగుబాటులో పాల్గొన్నది 8,651 మంది, మొత్తం బలగంలో ఒకటిన్నర శాతం. ‘సైన్యం తిరగబడింది’ అని రాసిన పత్రికలు ఆ మాట రాయకుండా ఉండాల్సింది.

తెల్లవారాక వంతెన మీది సైనికులు చేతులెత్తి లొంగిపోయారు. కుట్రదారులను మినహాయించినా సుమారు 250 మంది చనిపోయారు, రెండు వేల మందికి పైగా గాయపడ్డారు. ఎనిమిది మంది సైనికులు హెలికాప్టర్‌లో సరిహద్దు దాటి గ్రీసులోని అలెగ్జాండ్రోపోలిలో దిగి ఆశ్రయం కోరారు. టర్కీ పక్కనే యూరోపియన్ యూనియన్ దేశం ఉందని కొందరికి తట్టింది ఆ వార్తతోనే.

అపోహల్లో ఆఖరిది, నష్టం ఎక్కువ చేసేది: తిరుగుబాటు విఫలమైంది కాబట్టి కథ ఒక్క రాత్రితో ముగిసిందన్నది. అమెరికాలో ఉంటున్న మతగురువు ఫెతుల్లా గులెన్ అనుచరులే ఇది చేశారని ప్రభుత్వం ఆరోపించింది. ఆయన కాదన్నారు, 2024లో అక్కడే మరణించారు. జులై 20న విధించిన అత్యవసర పరిస్థితి రెండేళ్లు సాగింది. లక్షకు పైగా ప్రభుత్వోద్యోగులు కొలువు పోగొట్టుకున్నారు. వారిలో టీచర్లు, జడ్జీలు, ప్రొఫెసర్లు ఉన్నారు. తుపాకీ ముట్టనివాళ్ల బతుకులు ఒక్క సంతకంతో తలకిందులయ్యాయి. ఆ అత్యవసర పరిస్థితి ఉండగానే 2017 ఏప్రిల్‌లో రెఫరెండం పెట్టారు. 51.4 శాతం ఓట్లతో పార్లమెంటరీ విధానం పోయి అధ్యక్ష పాలన వచ్చింది. సైన్యంలో కొందరు తెగించారని ఆ రాత్రి టీవీలో దేశానికి చెప్పిన ప్రధాని బినాలి యిల్దిరిమ్. 2018 జులైలో ఆయన దిగిపోయాక టర్కీలో ప్రధానమంత్రి పదవే లేదు.