చెదపుట్టలోనూ సేద్యమే!

చేలో లేచిన చెదపుట్టను పారతో పడగొట్టి, పీడ విరగడైందని ఇంటికొచ్చేస్తారు చాలామంది. నాలుగు రోజులాగి చూస్తే పుట్ట మళ్లీ లేస్తుంటుంది. మనం పడగొట్టింది పైగోడే. అసలు సంసారం అడుగున ఉంది.

చెదల్ని తెల్లచీమలంటాం గానీ ఇవి చీమల జాతి కావు, బొద్దింకలకు దగ్గరి చుట్టాలు. మన చేలల్లో పుట్టలు పెట్టే చెదలకు ఎండుకొయ్య, చొప్ప సరిగా అరగవు. అందుకని అవీ వ్యవసాయం పెట్టుకున్నాయి. కూలి చెదలు ఎండుటాకులు, మోళ్లు, పెంటలోని గడ్డి కొరికి మింగి పుట్టలోకి చేరుస్తాయి. అక్కడ విసర్జించిన ముద్దలతో స్పంజిలాంటి గూళ్లు కడతాయి. వాటిమీద ఒక రకం బూజు పెరిగి పీచును మెత్తబరుస్తుంది. ఆ బూజు మీద గసగసాల్లా వచ్చే తెల్లని బుడిపెలు, మెత్తబడ్డ పాత గూడు వీటి తిండి. వానలకు పుట్టమీద లేచే పుట్టగొడుగులు ఈ బూజువే. మనం కూర వండుకునేది చెదల పంటనన్నమాట!

రాణి బొటనవేలంత లావుంటుంది, కదల్లేదు. గట్టి మట్టిగదిలో రాజుతో ఉంటూ రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది. కాపలాకు పెద్ద తల, కత్తెర దవడల సిపాయిలున్నాయి. వాటికి సొంతంగా తినడం రాదు, కూలీలే నోటికందించాలి. పుట్టకు చిల్లు పడితే సిపాయిలు దవడలు తెరిచి అంచున నిలబడతాయి. ముఖ్యంగా చీమలంటే వీటికి భయం. ఈలోగా కూలీలు తడిమట్టి తెచ్చి చిల్లు పూడుస్తాయి. కూలీలకు కళ్లుండవు, ఎండ సోకితే చస్తాయి. అందుకే ఎక్కడికెళ్లినా మట్టిపూత కిందనే నడక.

ఎండుమేత దొరక్కపోతేనో, పైరు బెట్టకొస్తేనో వేర్ల మీద పడతాయి. ఎర్రనేలల్లో వేరుసెనగకు ఈ బెడద ఎక్కువ. తల్లివేరు తొలిచేస్తే మొక్క వాడుతుంది, పీకితే ఇట్టే వస్తుంది. కాయ పైపొట్టును ఈనెల మధ్య గీరి తినేస్తాయి. పలచబడిన పొట్టులోంచి బూజు దూరి గింజకు అఫ్లాటాక్సిన్ అనే విషం పడుతుంది. అలాంటి కాయకు ధర పలకదు, తినడానికీ పనికిరాదు. కాయ ముదిరాక పీకడం ఆలస్యం చేస్తే ఈ నష్టం పెరుగుతుంది.

మాగని పెంట తోలడమంటే చెదలకు విందు పెట్టడమే. బాగా చివికిన ఎరువే వేయండి, పాత మోళ్లు ఏరేయండి. నీటి వసతి ఉంటే బెట్ట రానీయకండి. పుట్ట పైరులోనే ఉంటే లోతుగా తవ్వి రాణి గదిని తీసేయాలి. తవ్వేముందు పాముందేమో చూసుకోండి. పెద్దలు చల్లిన బి.హెచ్.సి. పొడిని 1997లోనే నిషేధించారు. విత్తనశుద్ధి మందు, మోతాదు వ్యవసాయాధికారిని అడిగాకే కొనండి.

పైరుకు దూరంగా బంజరులో ఉన్న పుట్టల జోలికి పోనక్కర్లేదు. నాగులచవితికి పాలుపోసే పుట్టా చెదలు కట్టిందే. అక్కడవి రాలిన ఆకును మట్టిలో కలుపుకుంటూ బతుకుతాయి.