ఆరు యూనిట్ల కరెంటు.. సెకనులో కోటో వంతు!

ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ నాలుగు గంటలు నడిస్తే దాదాపు ఆరు యూనిట్లు కాలుతాయి. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం, అల్బుకర్కీలో శాండియా ల్యాబ్ ఉంది. అక్కడి ‘జెడ్ మెషీన్’ ఒక్కో ప్రయోగానికి నిల్వ చేసుకునే కరెంటు కూడా సుమారు అంతే. తేడా అంతా టైములోనే ఉంది. దాన్ని వదలడానికి ఆ యంత్రానికి సెకనులో కోటో వంతు చాలు!

ఆ క్షణంలో 2.6 కోట్ల ఆంపియర్ల వరకు కరెంటు పారుతుంది. పవర్ 80 లక్షల కోట్ల వాట్లకు చేరుతుంది. ప్రపంచంలోని కరెంటు ప్లాంట్లన్నీ కలిపినా ఇంత రాదు.

ఇదెలా సాధ్యం?

జర్మన్ ఇంజనీర్ ఎర్విన్ మార్క్స్ 1924లో కనిపెట్టిన పద్ధతే దీనికి మూలం. ముందు కెపాసిటర్లన్నిటినీ పక్కపక్కనే పెట్టి నెమ్మదిగా ఛార్జ్ చేస్తారు. తర్వాత స్విచ్‌లు ఒక్కసారిగా వాటిని ఒకే వరుసగా కలుపుతాయి. టార్చిలైటులో సెల్లు ఒకదాని వెనుక ఒకటి పెట్టినట్టు వోల్టేజీలు కూడుకుంటాయి. జెడ్ మెషీన్‌లో ఇలాంటి వరుసలు 36 ఉన్నాయి. అక్కడి నుంచి నీటినే ఇన్సులేషన్‌గా వాడే భాగాల గుండా వెళ్తూ ఆ పల్స్ ఇంకా కురచ అవుతుంది.

ఎందుకింత హడావిడి?

సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తినిస్తాయి. అదే ఫ్యూజన్. ఇక్కడ హైడ్రోజన్ రకమైన డ్యుటీరియం వాయువును చిన్న లోహపు గొట్టంలో నింపుతారు. లేజర్‌తో ముందే వేడి చేస్తారు. గొట్టం గోడల్లో భారీ కరెంటు పారగానే పుట్టే అయస్కాంత బలం దాన్ని లోపలికి నొక్కేస్తుంది. వాయువు ప్లాస్మాగా మారి కోట్ల డిగ్రీలకు వేడెక్కుతుంది. కాసేపు ఆగితే ప్లాస్మా చెదిరిపోతుంది. అందుకే ఆ వేగం.

మరి మన ఇంటికి కరెంటు వస్తుందా?

లాభనష్టాల లెక్క చూస్తే ఇంకా నష్టమే. ఫ్యూజన్ ద్వారా వచ్చేది పెట్టిన శక్తిలో చాలా చిన్న భాగం. పైగా ప్రతి ప్రయోగంలో మధ్య భాగం ధ్వంసమవుతుంది. దాన్ని మళ్లీ అమర్చాలి కాబట్టి మామూలుగా రోజుకు ఒకటే షాట్. కరెంటు ప్లాంటు అయితే కొన్ని సెకన్లకోసారి పేల్చాలి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ ల్యాబ్ ప్రధాన పని అమెరికా అణ్వాయుధాల సంరక్షణ. జెడ్ మెషీన్ ప్రయోగాల్లో చాలావరకు అందుకోసమే. కాబట్టి ‘కృత్రిమ సూర్యుడు వచ్చేశాడు’ అనే హెడ్డింగ్ కనిపిస్తే రెండు ప్రశ్నలు వేయాలి: ఎంత పెడితే ఎంత వచ్చింది? రోజుకు ఎన్నిసార్లు?