తువో నది ఒడ్డున స్తంభాలపై ఇళ్ళు

చైనాలోని హునాన్ రాష్ట్రంలో తువో నది ఒడ్డున ఫెంగ్‌హువాంగ్ అనే పాత పట్టణమున్నది. మియావో, తుజియా జాతులవారిది ఆ ప్రాంతం. ఒడ్డున చోటు తక్కువ కనుక, అక్కడి వడ్రంగులు ఇంటి వీధివైపు భాగాన్ని గట్టుమీద నిలిపి, నదివైపు గదులను పొడవైన కొయ్య స్తంభాలపై నిలబెట్టారు. మేకులకు బదులు, ఒక కొయ్యకు తొలిచిన రంధ్రంలో మరొకదాని కొనను బిగించారు. నది పొంగితే నీరు స్తంభాల నడుమ సాగిపోతుంది; అయినా 2014 జూలైలో వచ్చిన పెద్ద వరద పాత పట్టణాన్ని ముంచెత్తింది.

2001లో చైనా ప్రభుత్వం దీనిని చారిత్రక నగరంగా గుర్తించిన పిమ్మట యాత్రికులు పెరిగారు. చాలా ఇళ్ళు బసలు, దుకాణాలు అయినవి. ఇంటిని నిలపడం వడ్రంగి పని. అందులో దీపం పెట్టడం ఇంటివారి పని. తోటల లైనిళ్ళలో బ్రతికిన పెద్దల సంతతివారమైన మనకు ఆ భేదం తెలియనిది కాదు.